ఐరన్ మాత్ర రెండు నెలలు మింగినా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగలేదు?

మీరు రాసినదాన్ని ముందు ఒకచోట పెడతాను, చదివేవాళ్లకి వీలుగా ఉంటుంది. వయసు 34, బరువు 52 కిలోలు, శాకాహారం. రెండు నెలల క్రితం హిమోగ్లోబిన్ 9.2, రోజూ 100 మి.గ్రా. ఐరన్ మాత్ర వాడాక ఇప్పుడు 9.6. ఉదయం పరగడుపున గ్యాస్ మాత్ర, అంటే పాంటాప్రజోల్. టిఫిన్ కాగానే మర్చిపోకుండా ఉండాలని ఐరన్, కాల్షియం రెండూ కలిపి, వెంటనే ఫిల్టర్ కాఫీ. మధ్యాహ్నం అన్నం, ఆకుకూర పప్పు, పెరుగు. సాయంత్రం గ్లాసు బీట్‌రూట్ జ్యూస్. నెలసరి ఏడు రోజులు. మీరు అడిగినవి మూడు: మాత్ర కంపెనీ మార్చాలా, బీట్‌రూట్ పెంచాలా, మలం నల్లగా వస్తోంది కాబట్టి ఐరన్ అంతా బయటికే పోతోందా?

మాత్ర మార్చినా ఇదే వేళకి, ఇదే కాఫీతో వేసుకుంటే ఫలితం ఇంతే ఉంటుంది. ముందు ఈ రెండు నెలల జమాఖర్చు చూద్దాం. లెక్క ఉజ్జాయింపే, కానీ గుట్టు అందులోనే ఉంది.

52 కిలోల స్త్రీ ఒంట్లో రక్తం సుమారు 3.4 లీటర్లు. హిమోగ్లోబిన్ 0.4 పెరిగిందంటే ప్రతి 100 మి.లీ. రక్తానికి 0.4 గ్రాములు, మొత్తం మీద 13, 14 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా చేరింది. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మి.గ్రా. ఇనుము ఉంటుంది. అంటే మీకు మిగిలిన లాభం 46 మి.గ్రా. దగ్గర. ఖర్చు వైపు చూస్తే, చర్మం, పేగు లోపలి పొర రాలడం వల్ల రోజుకు దాదాపు 0.8 మి.గ్రా. పోతుంది, రెండు నెలలకు 50 దాకా. రెండు నెలసరుల్లో కలిపి 60 నుంచి 80 పోయి ఉంటుంది. లాభం, ఖర్చు కలిపితే రెండు నెలల్లో మీ ఒంట్లోకి వెళ్లింది మొత్తం 160, 180 మి.గ్రా. అందులో మూడో వంతు తిండి నుంచే వచ్చిందనుకుంటే మాత్రల నుంచి వచ్చింది వంద చిల్లర. మీరు మింగిన మాత్రల్లో ఉన్నది 6,000. వందకి రెండు కూడా ఒంటికి పట్టలేదు. ఇనుము బాగా తగ్గిపోయిన మనిషికి మాత్ర సరిగ్గా పడితే వందకి పది, ఇరవై పట్టాలి.

మిగతాది ఎక్కడ ఆగిందో తెలియాలంటే ఇనుము లోపలికి వెళ్లే దారి తెలియాలి. చిన్నపేగు ఆరు మీటర్ల పొడవున్నా ఇనుముకి దాదాపు అంతా వృథా. జీర్ణాశయం దాటగానే వచ్చే ఆంత్రమూలం, అంటే డుయోడినమ్, పాతిక సెంటీమీటర్లు. దాని తర్వాత కొంచెం దూరం. ఇనుము లోపలికి పోయేది ప్రధానంగా అక్కడే. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు ఇక్కడ తప్పితే కింద ఇంకో నాలుగు మీటర్లలో ఎక్కడో ఒకచోట పడతాయి. ఇనుముకి ఆ వెసులుబాటు లేదు. స్టాపు దాటిందా, బస్సు ముందుకే.

ఆ స్టాపు దగ్గర దిగాలంటే ఇనుము కరిగి ఉండాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండేది ఎక్కువగా ఫెర్రిక్ రూపం. అది బాగా పుల్లగా ఉన్న చోటే కరుగుతుంది. జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది, కాబట్టి అక్కడ కరుగుతుంది. అక్కడి నుంచి కిందికి దిగీదిగగానే క్లోమం నుంచి సోడాలాంటి క్షార రసం వచ్చి కలుస్తుంది, పీహెచ్ 6 దాకా ఎక్కుతుంది. ఆ లోపు ఏ విటమిన్ సి లాంటిదో పట్టుకుని ఉండకపోతే ఫెర్రిక్ ఇనుము తుప్పులాగా గడ్డకట్టి పేగు గుండా జారిపోతుంది. కరిగి ఉన్నదాన్ని పేగు గోడ మీది ఒక ఎంజైము లోపలికి పోగలిగే ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. అప్పుడు డీఎంటీ1 అనే వాహక ప్రోటీను దాన్ని కణంలోకి లాగుతుంది. ఇలా లాగేటప్పుడు ఒక హైడ్రోజన్ అయాన్ కూడా తోడు కావాలి, అంటే ఇక్కడా పులుపే సాయం.

ఇప్పుడు మీ ఉదయం పూట ఏం జరుగుతోందో చూడండి. పాంటాప్రజోల్ ఆమ్లాన్ని అణిచేసింది. దానికీ ఐరన్‌కీ మధ్య గంట గ్యాప్ ఇచ్చానులే అనుకుంటారు చాలామంది. అది గ్యాప్‌తో తీరేది కాదు, ఎందుకంటే పాంటాప్రజోల్ ప్రభావం గంటతో పోదు, రోజంతా ఉంటుంది. పైగా కాల్షియం మాత్ర: 300 నుంచి 600 మి.గ్రా. కాల్షియం ఒకేసారి పడితే అదే పూట ఇనుము పట్టడం బాగా తగ్గుతుంది, మాంసంలోని ఇనుముకి కూడా ఇదే గతి. మీ మాత్రలో 500 ఉందన్నారు. ఆపైన కాఫీ. అందులోని పాలీఫినాల్స్ ఇనుముని గట్టిగా పట్టేసుకుని కరగని ముద్ద చేస్తాయి. భోజనంతో కాఫీ తాగితే ఆ భోజనంలోని ఇనుములో పట్టేది మూడో వంతుకు పైగా తగ్గుతుంది, టీ అయితే సగానికి పైగా. అమెరికాలో 1983లో చేసిన ఒక కొలతలో తేలిన విషయం మనవాళ్లకి బాగా పనికొస్తుంది: భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల నష్టం లేదు, భోజనమయ్యాక గంటకి తాగినా నష్టం మాత్రం భోజనంతో తాగినంతే. కారణం తేలికే, గంటకి తిండి ఇంకా జీర్ణాశయంలోనే ఉంటుంది. అందుకని కాఫీ, టీ అలవాటు ఉన్నవాళ్లకి తిన్న తర్వాత రెండు గంటలు అని చెప్పడమే మంచిది. మానేయమని చెబితే ఎవరూ మానరు, వేళ మార్చమంటే మారుస్తారు.

మూడు అడ్డంకులు ఒకే అరగంటలో పెట్టుకున్నారు. 9.2 నుంచి 9.6 కి వచ్చిందంటే అదే ఎక్కువ.

ఇది సరిచేసుకోవడం ఇలా. నిద్రలేచి ముఖం కడుక్కోగానే, ఆరు, ఆరున్నరకి, ఐరన్ మాత్ర మంచినీళ్లతో వేసుకోండి. టిఫిన్ కనీసం గంట తర్వాత. కాఫీ లేనిదే బండి కదలదంటే మాత్రకి గంట తర్వాత తాగొచ్చు, ఎందుకంటే ఖాళీ కడుపులో నీళ్లతో వేసుకున్న మాత్ర భోజనంకన్నా త్వరగా కిందికి దిగుతుంది. ఇంకాస్త ఆగితే ఇంకా మంచిది. కాల్షియం రాత్రి భోజనం తర్వాత. రాత్రి పెరుగన్నంలో ఇనుము ఎలాగూ తక్కువే కాబట్టి కాల్షియం అక్కడ పాడుచేసేది ఏమీ లేదు. గ్యాస్ మాత్ర విషయం మీ డాక్టరుని అడగాలి: ఎందుకు మొదలుపెట్టారు, ఇంకా అవసరమా అని. చాలా ఇళ్లల్లో రెండు వారాలకని రాసిన పాంటాప్రజోల్ రెండేళ్లు సాగుతుంది. అలాగని రేపే ఆపేయకండి. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎగదన్ని మంట ముందుకన్నా ఎక్కువవుతుంది, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. అల్సరు ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలు రోజూ వాడేవాళ్లు అసలు ఆపకూడదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ వేళలు యథాతథంగా పాటించకూడదు. లెవోథైరాక్సిన్, ఐరన్ కడుపులో కలిస్తే థైరాయిడ్ మందు పట్టదు. రెండింటి మధ్య నాలుగు గంటలు ఉండాలి. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లకీ ఐరన్‌తో పొత్తు కుదరదు, ఆ కోర్సు నడిచే రోజుల్లో ఏది ఎప్పుడు వేసుకోవాలో అడిగి తెలుసుకోండి.

పరగడుపున వికారం వస్తే? చాలామందికి వస్తుంది, మాత్ర మానేసేది కూడా ఇందుకే. రాత్రి తిన్న రెండు మూడు గంటలకి, పడుకునే ముందు వేసుకుని చూడండి. అప్పుడు కాల్షియం ఆ పూట నుంచి మధ్యాహ్నానికి మార్చండి. అదీ పడకపోతే ఒక ఇడ్లీ ముక్కతోనో అరటిపండుతోనో వేసుకోండి. పట్టేది తగ్గుతుంది నిజమే, కానీ డబ్బాలో ఉండిపోయిన మాత్ర కన్నా సగం పట్టిన మాత్ర నయం. కడుపులో మంట రాదని చెప్పి అమ్మే పైపూత మాత్రలు, మెల్లగా విడుదలయ్యే మాత్రలు ఈ పనికి నాకు అంతగా నచ్చవు. ఇందాక చెప్పిన పాతిక సెంటీమీటర్లు దాటాక విడుదలైతే వికారం రాదు, ఇనుమూ రాదు.

మాత్ర ఎంచుకునేటప్పుడు అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె కాదు, 'ఎలిమెంటల్ ఐరన్' అన్న చోట ఉన్న అంకె చూడాలి. ఫెర్రస్ ఫ్యూమరేట్ 200 మి.గ్రా. అంటే అందులో ఇనుము 65 మాత్రమే. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 లోనూ దాదాపు అంతే. ఫెర్రస్ గ్లూకోనేట్ 300 లో 35. మన దగ్గర దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల మీద ఎక్కువగా 100 మి.గ్రా. ఎలిమెంటల్ అనే రాస్తారు. ఆశా కార్యకర్తలు గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో ఇనుము 60 మి.గ్రా., ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. ఉచితంగా వచ్చేది కాబట్టి మంచిది కాదనే అనుమానం అక్కర్లేదు. సరైన వేళకి వేసుకున్న ఆ 60, కాఫీతో మింగిన ఖరీదైన 100 కన్నా ఎక్కువే ఇస్తుంది.

ఇంకో తాళం ఉంది, దాని గురించి మందుల షాపులో ఎవరూ చెప్పరు. పేగు కణంలోకి వెళ్లిన ఇనుము ఇంకా రక్తంలోకి చేరలేదు. కణం అవతలి గోడకి ఫెర్రోపోర్టిన్ అనే తలుపు ఉంటుంది, అందులోంచి బయటపడితేనే ట్రాన్స్‌ఫెరిన్ అనే రక్తంలోని ప్రోటీను దాన్ని ఎముక మజ్జకి మోసుకుపోతుంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలిందంటే ఆ తలుపులు మాయం. ఇనుము కణంలోనే ఫెరిటిన్ అనే నిల్వ ప్రోటీనులో చిక్కుకుంటుంది, ఆ కణం మూడు నుంచి ఐదు రోజుల్లో రాలి మలంలో పోతుంది, దాంతోపాటు ఇనుమూ పోతుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఎక్కువైన ఇనుముని బయటికి పంపే దారి మన ఒంట్లో లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుముకి ఆ దారి లేదు, అందుకే కాపలా అంతా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే.

60 మి.గ్రా. లేదా అంతకన్నా పెద్ద మోతాదు పడగానే హెప్సిడిన్ పెరుగుతుంది, దాదాపు ఒక రోజు అలాగే ఉంటుంది. అంటే ఈరోజు మాత్ర రేపటి మాత్రకి అడ్డు. ఉదయం, సాయంత్రం రెండు పూటలా వేస్తే సాయంత్రం మాత్ర చాలావరకు మూసిన తలుపుకి వెళ్లి తగులుతుంది. జ్యూరిచ్ పరిశోధకులు ఇనుము తక్కువున్న యువతుల మీద చేసి 2017లో ప్రచురించిన పనిలో, అవే మాత్రలు రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేస్తే పట్టిన భాగం 16 శాతం నుంచి 22 శాతానికి పెరిగింది. వాళ్లందరికీ హెచ్చు రక్తహీనత లేదన్నది గుర్తుంచుకోవాలి. మీ 9.6 కి రోజు విడిచి రోజా, రోజూనా అన్నది చూస్తున్న డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. వికారం, మలబద్ధకం ఎక్కువగా ఉంటే రోజు విడిచి రోజు అడగడానికి అదొక మంచి కారణం. గర్భిణులు మాత్రం ఈ ముక్క చదివి సొంతంగా మార్చుకోవద్దు, వాళ్లకి ప్రభుత్వం చెప్పిన పద్ధతి రోజూ ఒకటి.

జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాతం లాంటి వాపు జబ్బులు ఉన్నా హెప్సిడిన్ పెరుగుతుంది. టైఫాయిడ్‌తో మంచం పట్టిన రెండు వారాల్లో వేసుకున్న ఐరన్ మాత్రలు లెక్కలోకి రావు.

తిండి సంగతి. మీ మధ్యాహ్నం పళ్లెమే తీసుకుందాం. 100 గ్రాముల బియ్యం వండిన అన్నంలో ఇనుము 0.65 మి.గ్రా. దగ్గర, 30 గ్రాముల కందిపప్పులో 1.2, గుప్పెళ్లకొద్దీ అంటే 100 గ్రాముల తోటకూరలో 4.6. మొత్తం ఆరున్నర. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మొక్కల ఇనుములో పట్టేది తోడుగా ఉన్నదాన్ని బట్టి 2 నుంచి 20 శాతం దాకా మారుతుంది, మాంసంలోని హీమ్ ఇనుములో 15 నుంచి 35. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో మన ఆడవాళ్లకి రోజుకు 29 మి.గ్రా. కావాలని రాసింది. ఒంటికి చేరాల్సింది రెండు మిల్లీగ్రాముల చిల్లరే అయినా అంకె అంత పెద్దగా ఉండటానికి కారణం, మన తిండిలో వందకి ఎనిమిదే పడుతుందన్న లెక్క. మీ పళ్లెంలో 5 శాతం పట్టిందనుకుంటే వచ్చేది 0.3 మి.గ్రా. తిన్నాక టీ పడితే ఇంకా తక్కువ. అదే పళ్లెంలో నిమ్మకాయ పిండి, టీని తర్వాతికి జరిపితే రెట్టింపు చేసుకోవచ్చు. ఆకుకూర కిలోలు పెంచడం కన్నా ఇది సులువు.

నిమ్మరసం పొయ్యి మీద ఉన్నప్పుడు పిండితే విటమిన్ సి వేడికి పోతుంది. పప్పు దించి, పళ్లెంలో వడ్డించుకున్నాక పిండుకోవాలి. ఓ మోస్తరు నిమ్మకాయలో వచ్చేది 15, 20 మి.గ్రా. విటమిన్ సి. ఇంతకన్నా గట్టి సాయం కావాలంటే భోజనంతోపాటు ఓ జామకాయ తినండి, 100 గ్రాముల్లో 200 మి.గ్రా. పైనే ఉంటుంది, ధరా తక్కువ. ఉసిరికాయ పచ్చిగా తినగలిగితే ఇంకా మేలు. చింతపండు పులుపు కదా, సరిపోతుందా అని అడుగుతారు. చింతపండులో విటమిన్ సి దాదాపు లేనట్టే, పులుసు రుచికి సరే కానీ నిమ్మకాయ పని చేయదు. ఇక్కడే ఒక చిన్న సంగతి: విటమిన్ సి సాయం తిండిలోని ఇనుముకి నిజంగా ఉంటుంది, మాత్రకి మాత్రం అంతగా ఉండదు. చైనాలో 440 మంది రోగుల మీద చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో ఐరన్ మాత్రకి విటమిన్ సి మాత్ర తోడిచ్చినవాళ్లకీ, ఇవ్వనివాళ్లకీ హిమోగ్లోబిన్‌లో తేడా కనిపించలేదు. ఐరన్ కోసమని విడిగా విటమిన్ సి బిళ్లలు కొనక్కర్లేదు.

పప్పులు, రాగులు, సజ్జల్లో ఫైటేట్ ఉంటుంది, అది ఇనుముని పట్టుకుని వదలదు. దాన్ని తగ్గించే పద్ధతులు మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నవే. నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. గింజ మొలకెత్తేటప్పుడు, పిండి పులిసేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము ఫైటేట్‌ని విరగ్గొడుతుంది. అందుకే రాత్రంతా పులిసిన ఇడ్లీ పిండి, అప్పటికప్పుడు సోడా వేసి కలిపిన పిండి ఈ విషయంలో ఒకటి కావు. రాగుల్లో 100 గ్రాములకి 4 మి.గ్రా. పైన ఇనుము ఉంది కానీ ఫైటేట్, టానిన్లు, 350 మి.గ్రా. దాటిన కాల్షియం కూడా అందులోనే ఉన్నాయి. రాగులు ఒక పూట నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలకొచ్చాక ఎండబెట్టి పట్టించిన పిండి మేలు. ఆ జావలో పాలు పోసి, పక్కన టీ పెట్టుకుని తాగితే రాగి జావ తాగిన తృప్తి, ఎముకలకి కాల్షియం దక్కుతాయి. ఇనుము లెక్కలో వేసుకోకండి. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పప్పులు, ధాన్యాలకి వెల్లుల్లి, ఉల్లి కలిపి చూస్తే ఇనుము జీర్ణరసాల్లోకి విడుదలవడం పెరిగింది. అది గాజుపాత్రలో చేసిన పని, మనుషుల్లో ఎంతో ఇంకా వేరే లెక్క. అయినా పప్పులో వెల్లుల్లి పోపు వద్దనేవాళ్లు ఎవరున్నారు?

ఇనుప మూకుడులో పుల్లటి కూర, టమాటా, గోంగూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అది మంచిదే. నాన్‌స్టిక్‌లో ఈ లాభం ఉండదు. మాంసాహారులైతే వారానికి ఒకటి రెండు సార్లు కోడి కాలేయం: 100 గ్రాముల్లో 9 మి.గ్రా. దాకా ఇనుము. మాంసం, చేప ముక్క పళ్లెంలో ఉంటే పక్కనున్న పప్పులోని ఇనుము పట్టడం కూడా పెరుగుతుంది. గర్భిణులు మాత్రం కాలేయంలో విటమిన్ ఎ బాగా ఎక్కువ కాబట్టి దానికి దూరంగా ఉండాలి.

బీట్‌రూట్. ఎర్రగా ఉన్నది తాగితే రక్తం పడుతుందన్న నమ్మకం గట్టిది. దాని ఎరుపు బీటాలైన్ అనే రంగు పదార్థం, ఇనుము కాదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మ ఇంకా తక్కువ, అర మిల్లీగ్రాము లోపు. బెల్లం ముక్క 20 గ్రాములు తింటే దొరికేది ఒక మిల్లీగ్రాము లోపే, అందులో పట్టేది ఎంతో మీరే వేసుకోండి, పంచదార భారం మాత్రం పూర్తిగా పడుతుంది. మునగాకు గురించి వాట్సాప్‌లో తిరిగే అంకెలు నమ్మొద్దు. పచ్చి ఆకులో 100 గ్రాములకి నాలుగైదు మిల్లీగ్రాములు, తోటకూరకి సమానం. మంచి ఆకే, అద్భుతం కాదు. బీట్‌రూట్ జ్యూస్ ఇష్టమైతే తాగండి, హిమోగ్లోబిన్ ఖాతాలో వేయకండి.

అసలు తిండితోనే పూడ్చుకోవచ్చు కదా, మాత్ర ఎందుకు? మీ లోటు లెక్కేస్తే, 9.2 నుంచి 12.2 కి ఎక్కడానికి రక్తంలోకి 350 మి.గ్రా., ఖాళీ అయిన నిల్వలకి ఇంకో 300 నుంచి 500. తిండి నుంచి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు వచ్చి అంతే ఖర్చయిపోతుంటే ఈ గుంట ఎప్పుడు పూడుతుంది? తిండి పనల్లా ఉన్నది పడిపోకుండా చూడటం. పడిపోయినదాన్ని లేపడానికి మాత్ర కావాలి.

ఇప్పుడు ఖర్చు వైపు. నెలసరి ఏడు రోజులన్నారు. 80 మి.లీ. దాటితే అధిక రక్తస్రావం కిందే లెక్క. మిల్లీలీటర్లు ఎవరూ కొలవరు కాబట్టి గుర్తులు చూడండి: ప్యాడ్ గంటకో రెండు గంటలకో తడిసి మార్చాల్సి రావడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, రాత్రి లేచి మార్చుకోవాల్సి రావడం. ఇవి ఉంటే గైనకాలజిస్టుని చూడాలి. ఫైబ్రాయిడ్‌లు, థైరాయిడ్, ఇంకా ఏవైనా కావచ్చు. హిమోగ్లోబిన్ 9.6 ఉన్న రక్తం 120 మి.లీ. పోయిందంటే 39 మి.గ్రా. ఇనుము పోయినట్టు. మీరు రెండు నెలల్లో సంపాదించిన లాభం 46 అని పైన చూశాం. చిల్లు కుండలో నీళ్లు ఎంత పోసినా ఏం లాభం? నులిపురుగుల మందు, ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర, ఈ మధ్య వేసుకోకపోతే డాక్టరుని అడగండి. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లలో కొంకిపురుగు పేగు గోడకి కరుచుకుని రోజూ రక్తం తాగుతుంది. ఈ సమాధానం చదివే మగవాళ్లు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు ఒకటి గమనించాలి: మీలో ఇనుము తక్కువైందంటే తిండి మీద తోసేయకుండా జీర్ణకోశంలో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూపించుకోవాల్సిందే.

చేయించాల్సిన పరీక్షలు. సీబీపీ (రక్తకణాల లెక్క)తో పాటు ఫెరిటిన్, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ. ఫెరిటిన్ 15 లోపుంటే ఇనుము నిల్వలు ఖాళీ అయినట్టే, 30 లోపున్నా చాలామంది డాక్టర్లు లోటుగానే చూస్తారు. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది, సీఆర్‌పీతో కలిపి చదవమనేది అందుకే. ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, బాగా తక్కువగా ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం 50 లక్షలు దాటి, ఫెరిటిన్ మామూలుగా ఉంటే అది పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్ కావచ్చు. హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌బీ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి. అది ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఐరన్ మింగినా ఫలితం ఉండదు, ఇనుము పేరుకుపోయి నష్టమే. ఎంసీవీ ఎక్కువగా ఉంటే బీ12, ఫోలేట్ వైపు చూడాలి. శాకాహారుల్లో ఇనుము, బీ12 రెండూ కలిసి తగ్గుతాయి, అప్పుడు ఒకటి ఎంసీవీని కిందికి, ఇంకొకటి పైకి లాగి రిపోర్టులో మామూలుగా కనిపిస్తుంది. మీరు శాకాహారం అన్నారు కాబట్టి బీ12 కూడా ఒకసారి చూపించుకోండి.

వేళలు మార్చాక పది రోజుల్లోపే ఎముక మజ్జ స్పందిస్తుంది, కొత్తగా పుట్టిన ఎర్రకణాల, అంటే రెటిక్యులోసైట్‌ల లెక్కలో కనిపిస్తుంది. నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ 1 నుంచి 2 గ్రాములు పెరగాలి. అంటే మీకు 10.6 పైన రావాలి. రాకపోతే ఇంకో రెండు నెలలు అదే మాత్ర కొనసాగించకుండా తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెలికోబాక్టర్ ఇన్ఫెక్షన్, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఆగని రక్తస్రావం వెతకాలి, లేదా పేగుని తప్పించి నరం ద్వారా ఐరన్ ఎక్కించాలి. పెరిగితే 12 రాగానే ఆపేయడం మామూలుగా అందరూ చేసే తప్పు. అప్పటికి రక్తం నిండింది, నిల్వలు నిండలేదు. ఇంకో మూడు నెలలు వాడితేనే ఫెరిటిన్ లేస్తుంది. లేకపోతే ఆరు నెలలకి మళ్లీ ఇదే ప్రశ్న.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాత్రల డబ్బా అందనంత ఎత్తులో పెట్టండి. రంగు చూసి చాక్లెట్ అనుకుంటారు. కిలో బరువుకి 60 మి.గ్రా. ఇనుము ప్రాణం మీదికి తెస్తుంది, 20 దాటినా ప్రమాదమే. పది కిలోల పిల్లకి మీ 100 మి.గ్రా. మాత్రలు రెండు మూడు చాలు ఆసుపత్రికి పరిగెత్తడానికి. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి కోసం చూడకుండా తీసుకెళ్లాలి.

మలం నల్లగా రావడం గురించి. అది మామూలే. పట్టని ఇనుము పెద్దపేగులో గంధకంతో కలిసి నల్లబడుతుంది. మాత్ర ఎంత బాగా పట్టినా నూటికి ఎనభై బయటికే వస్తుంది కాబట్టి వేళలు సరిచేశాక కూడా రంగు అలాగే ఉంటుంది. ఐరన్ వల్ల వచ్చే నలుపు గట్టిగా, ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. తారులాగా జిగటగా, మెరుస్తూ, భరించలేని వాసనతో వస్తే మాత్రం అది పై పేగుల్లో కారిన రక్తం కావచ్చు, కళ్లు తిరగడం కూడా ఉంటే అదే రోజు చూపించుకోవాలి. ఏది ఏదో తేలక అనుమానంగా ఉంటే డాక్టరుకి చెప్పి నాలుగైదు రోజులు మాత్ర ఆపి చూడండి, ఐరన్ నలుపైతే ఈలోగా మామూలు రంగుకి వచ్చేస్తుంది.